పొట్ట కిందికున్న చాప

కృష్ణపట్నం ఉప్పుటేరు మొగ దగ్గర
పొద్దు ఇంకా మొహం కడుక్కోలా.
రాత్రి డ్యూటీ దిగి, కంట్లో బొగ్గు నలుసు నలుపుకుంటా
కట్ట మీద నిలబడి బీడీ అంటించబోతే
మూడు తెరచాపలు.

అగ్గిపుల్ల వేలు కాల్చిందాకా చూస్తా ఉండిపోయినా.

మోటారు చప్పుడు లేదు.
క్రేన్ల కాళ్ళ సందులో నించి
ఒకదాని ఎనకాల ఒకటి
పెళ్ళికి ఆలస్యమైన ముసలమ్మల్లాగా
తొందరున్నా తొందరపడకుండా వస్తా ఉండాయి.
ఎక్కడివో! పులికాట్ నించి కాలవ పట్టుకొని వచ్చినాయా,
డీజిలు ధరకు తాళలేక ఎవరన్నా
అటకెక్కిన కొయ్యను కిందికి దించినారా.
ఎవర్నడగను? కట్ట మీద నేనూ, ఒక కుక్కా.

మొదటి చాప యూరియా సంచులది.
రెండోది ఫ్లెక్సీ, ఏదో చీరల కొట్టుది.
గాలి నిండినప్పుడల్లా ఒక ఆడమనిషి సగం నవ్వు
ఉబ్బి, మళ్ళా వాడిపోతుంది.
మూడోది
గుడ్డ.
తుమ్మచెక్క కషాయంలో మూడు పూటలు నానిన,
ముదురుపాకం రంగు గుడ్డ.

నా చిన్నప్పుడు మా పాలెంలో
పడవలకు నెంబర్లు లేవు. మాసికలు ఉండేవి.
నీళ్ళ అంచున గోరంత చాప లేస్తే చాలు
మా అక్క సుబ్బరత్తం ఇసకదిబ్బ ఎక్కి చదివేది:
"నీలం మాసిక, చెంగయ్యది.
రెండు అడ్డపట్టీలు, పొన్నయ్యది.
మూలన పువ్వుల గుడ్డ, అది కావమ్మత్త పెళ్ళికోక,
అంకోజి మామ అడక్కుండా కోసినాడు,
ఆ పూట వాళ్ళింట్లో పొయ్యి రాజలా."
అక్క బడికి పోలేదు. ఆమె చదివిందంతా అదే.
నేను పోయినా. అందుకే ఇప్పుడు వేబ్రిడ్జి దగ్గర
లారీ నెంబరు, ఖాళీ బరువు, నిండు బరువు.

ఆ చాపలన్నీ మా నాయన కుట్టినవే.
ఎడమచెయ్యి వాటం.
అరచేతికి ఎనుము తోలు కట్టుకొని
జానెడు దబ్బనాన్ని మెడ వంచి తోసేవాడు.
నెల్లూరు నించి వచ్చిన వర్తకుడొకడు
"ఏంది పెద్దాయనా, నీ చాపలకు పొట్ట కిందికి జారి ఉంటాది?" అంటే
"ఆరో నెల ఆడదానికి పొట్ట నెత్తిన ఉంటాదా అబ్బయా!
గాలి కింద పట్టితేనే నావకు నడుము నిలిచేది" అన్నాడు.
అది నిజమో, నాయన కుట్టులో తప్పో
ఇప్పటికీ నాకు తెలవదు.
రెండుసార్లు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.
మూడోసారి పలక ఎత్తుకొని పారిపోయినా.

మోటార్లొచ్చిన ఏడు
చాపలన్నీ ఇళ్ళకు చేరినాయి.
వాటి మీద చేపలు ఎండేసినారు, మేకల కొట్టానికి కప్పినారు,
నాయన పాడె మీద కూడా ఒక ముక్క పరిచినారు.
అది ఎవరి పడవదో చెప్పేదానికి
అప్పటికే అక్క లేదు.

మూడో పడవ మొగలో మలుపు తిరిగింది.
వాడగాలి ఒక్క తోపు తోసింది.
చాప నిండింది.
పొట్ట
కిందికి.

"ఎవరు కుట్టినారయ్యా ఆ చాపా!"
అరిచినా. నా గొంతు
కన్వేయరు మోతలో పడి బొగ్గయిపోయింది.
చుక్కాని కాడి కుర్రోడు చెయ్యెత్తినాడు,
పలకరింపనుకున్నాడు.
వాడికి ఇరవై ఉంటాయి.
నాయన పోయి ఇరవయ్యారేళ్ళు.
ఎవరి చేతిలోకి పోయిందో ఆ ఎడమ వాటం,
ఏ పాలెంలో, ఏ నులకమంచం మీద
ఎవరు పలక పక్కన పెట్టి దబ్బనం పట్టినారో,
లేకపోతే గుడ్డే సాగిపోయి
అట్ట వేలాడతా ఉందో.

రొంప పట్టిన గొంతుతో సైరన్ కూసింది.
మూడూ ఎండలోకి పోయినాయి.
బీడీ మాత్రం అంటించకుండానే పారేసినా.

ఇంటి దారిలో గుర్తొచ్చింది.
నాయన అరచేతి తోలు మా ఇంట్లోనే ఉంది.
రోజూ దాంతోనే మా ఇంటిది
పొయ్యి మీది పాలగిన్నె దించుతుంది.
ఒక పక్క కమిలి నల్లబడింది గానీ
నడిమధ్యన దబ్బనం తొక్కిన గుంట
ఇంకా అట్నే ఉంది.

ఎడమచేతిది. నా కుడిచేతికి పట్టదు.
అయినా పాలగిన్నెకు
వేరే గుడ్డ చూసుకోమని చెప్పాల.